ఒక్క టైలు తక్కువైన గోడ

మా పెద్దమ్మ పోయింది. సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడ బస్టాండులో టీ తాగుతున్నాను. ప్రభువునందు నిద్రించిందని అయ్యగారు, అంటే మా పాస్టరు, మెల్లగా చెప్పాడు. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. నిద్ర మీద అంత పగపట్టిన మనిషి మా సంఘంలో ఇంకొకరు లేరు. ప్రసంగం మధ్యలో ఎవరి తల వాలినా వెనక నుంచి ఆమె గొడుగు మొన వీపులో దిగేది. ఒక ఆదివారం ఆ గొడుగును నేను దాచేశాను. ఆ రోజు చెప్పు పని చేసింది, అదీ నా మీదే.

మోతె దగ్గర మా ఊళ్లో చర్చి కట్టినప్పుడు పెద్దమ్మ కొత్త కోడలు. అంతకుముందు ప్రార్థన తాటికమ్మల పాకలో జరిగేదట. వానొస్తే పాట ఆపి, కారే చోటల్లా గిన్నెలు పెట్టి, మళ్లీ అందుకునేవారట. అప్పటి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఆదివారం ఎవరూ ఒట్టి చేతులతో రాకూడదు, గుట్ట నుంచి తలా ఒక రాయి తేవాలి. మగవాళ్లు ఎడ్లబండి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆడవాళ్లు రాళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చేశారని పెద్దమ్మ చెప్పేది. మగవాళ్లు వేరే కథ చెప్పేవారు. నేను ఆమె కథే నమ్మాను. గొడుగు ఆమె చేతిలో ఉండేది మరి.

గోడకు సున్నం గిలాబు, అంటే పూత, చేసే రోజు ఆమె నిండు కడుపుతో ఉంది. నెత్తిన తట్ట, ఎండకు కళ్లు తిరిగాయి. పడిపోకుండా పచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది. ఐదు వేళ్లూ దిగబడ్డాయి. మేస్త్రి తిట్టుకుంటూ తాపీ తీసుకుని సాపు చేయబోయాడట.

"దిద్దు. రేపటి సంది తట్ట గూడ నువ్వే మొయ్యి," అందట పెద్దమ్మ.

తాపీ ఆగింది, చెయ్యి మిగిలింది. గుమ్మం పక్కన శిలాఫలకం మీద ప్రారంభం నాడు దండలు వేయించుకున్న వాళ్ల పేర్లున్నాయి. మోసిన వాళ్ల పేరు ఒక్కటీ లేదు. వాళ్లకు ఆ రాయి, మాకు ఈ చెయ్యి అనేది పెద్దమ్మ. ఏటా క్రిస్మసుకు సున్నం వేశాక, ఆరకముందే వెళ్లి ఆ గుంటలన్నీ వేలితో తుడిచి వచ్చేది, పూడిపోకుండా.

ఇక నా ఘనకార్యం. చాలా ఏళ్ల కింద మిర్యాలగూడ నుంచి ప్రార్థన కూటాలకు వచ్చినావిడ ఒకరు ఆ గుర్తు ఏమిటని నన్నడిగింది. అడగక అడగక నన్నే అడిగింది. గాలివానకు గోడ పడబోతే దేవదూత పట్టుకున్నాడని మొహం కదలకుండా చెప్పాను. ఆ మాట పాకి, పై వారం కోదాడ నుంచి రెండు ఆటోల జనం దిగారు. నెల తిరిగేసరికి గోడకు కొబ్బరినూనె, దాని కింద కొవ్వొత్తుల మసి. నేను మాత్రం వెనక బెంచీలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

ఒకరోజు పిల్లల్లేని ఒకామె ఆ చేతికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నా నవ్వు అక్కడే చచ్చింది. పెద్దమ్మ లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా తన చెయ్యి ఆ గుంటలో పెట్టింది.

"గిది దేవదూతది కాదు బిడ్డా, నాది. కడుపుతోని ఉండి కండ్లు తిరిగితే ఆనించిన. నీ కోసం నేను ప్రార్థన చేస్త. గోడకు మొక్కకు."

బయటికొచ్చాక నా చెవి పట్టుకుంది. అప్పటికి నేను ఇద్దరు పిల్లల తండ్రిని.

"అబద్ధం మీద నిలబడే గుడైతే మేం రాళ్లెందుకు మోసినంరా?"

ఆ గోడ విషయంలో ఇంకోసారి అబద్ధమాడనని ఒట్టు పెట్టబోయాను. బైబిలు ఒట్లు వద్దన్నది, ఊరికే మాటివ్వు చాలు అంది. ఇచ్చాను. శిక్ష రెండు రకాలు. కుంకుడు రసంతో గోడ కడగడం ఒకటి. రాళ్లు తెచ్చిన ప్రతి ఒక్కరి పేరూ ఆమె చెబుతుంటే నోట్‌బుక్కులో ఎక్కించడం రెండోది. ఏడో తరగతి తప్పినవాణ్ని, మా సంఘానికి చరిత్రకారుణ్నయ్యాను. ఫలానా ఆయన పెండ్లాం అని రాస్తే కొట్టివేయించేది, ఆమెకు పేరు లేదా అని.

పెద్దమ్మను మట్టికి అప్పగించి రెండు వారాలు కాలేదు, ఆ గోడకు టైల్సు వేయాలని చర్చి కమిటీ మీటింగు పెట్టింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది?

"పెద్దమ్మనే పోయింది. ఇగ ఆ గుంటతోని పనేముందన్నా?" అన్నాడు కార్యదర్శి, మంచి కుర్రాడే.

దేవదూత నా నాలుక చివరిదాకా వచ్చాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ గోడ జోలికి ఎవడూ పోడు. ఆటోలు కూడా మళ్లీ వస్తాయి. మాటిచ్చి ఉన్నానే. నాలుక కరుచుకుని ఇంటికి పోయి నోట్‌బుక్కు తెచ్చాను.

నా రాత నాకే అర్థం కాక ఆగి ఆగి చదివాను. ఒక్కో పేరుకూ ఎక్కడో ఒకచోట "మా నాయనమ్మ", "మా అమ్మమ్మ" అని వినిపించింది. కార్యదర్శి వాళ్ల నాయనమ్మ పేరు దగ్గర పెద్దమ్మ ఒక ముక్క అదనంగా రాయించింది. రాయి కాలి మీద పడి గోరు ఊడినా, పై ఆదివారం ఇంకో రాయి తెచ్చిందని. ఆ కుర్రాడు తలవంచుకుని కాసేపు తన కాలి వైపే చూసుకున్నాడు. తర్వాత, ఒక టైలు తగ్గించి తెప్పిద్దామన్నాడు.

టైల్సు వేసే మేస్త్రి నన్ను తిట్టని తిట్టు లేదు. పన్ను ఊడినట్టుంది, చూసినవాళ్లు నా పనినే ఆడిపోసుకుంటారు అన్నాడు. నిజమే, పన్ను ఊడినట్టే ఉంది. మొన్న ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. వీపులో పొడిచేవాళ్లు లేకపోయినా నిద్ర రాలేదు. గోడంతా తళతళలాడుతూ మా మొహాలు మాకే చూపిస్తోంది. ఆ ఒక్క పలక మేర మాత్రం పాత సున్నం, ఐదు వేళ్లు. అరచేతి దగ్గర గుంట కాస్త లోతు. ఆమెదీ, కడుపులో బిడ్డదీ, ఇద్దరి బరువూ అక్కడే ఆనింది.