వెనక ప్లగ్గు

సెలవు పెట్టి వెళ్ళి ఆఫీసు కాల్ ఎత్తేవాణ్ణి చెప్పుతో కొట్టాలి. ఈ మాట నా గురించే అంటున్నాను కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

మేము అమెరికాలో, అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం. రెండేళ్ళ క్రితం, మా అమ్మాయికి పదిహేడో ఏడు నడుస్తున్నప్పుడు, తనూ నేనూ ఒక టూర్ వెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ లారీలు కొన్ని నేల మీదా నడుస్తాయి, నీళ్ళ మీదా నడుస్తాయి. ఆరు చక్రాలు, పడవ లాంటి అడుగు, వెనక ఒక ప్రొపెల్లర్. వాటిని కొని బాగుచేసుకున్న వాళ్ళంతా ఏటా వేసవిలో నాలుగు రోజులపాటు వరసగా బయల్దేరి, కొండదారుల్లో పోతూ, దారిలో వచ్చిన సరస్సునల్లా దాటుకుంటూ వెళ్తారు. మా ఆవిడ మాత్రం, "లారీని తీసుకెళ్ళి నీళ్ళలో దింపడమేంటి, మీకేమైనా పిచ్చా" అని ఇంట్లోనే ఉండిపోయింది.

మేమెక్కిన బండి ఓనరు డెబ్బై దాటిన ఒక అమెరికన్ ఆవిడ. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆవిడ ఇల్లు మా వీధి చివరే. మా అమ్మాయి ఆ ఏడాది శనివారాలన్నీ ఆవిడ గరాజ్‌లోనే గడిపింది. తుప్పు గీకింది, గ్రీజు పూసింది, గోళ్ళ నిండా నల్లటి మట్టితో భోజనానికి వచ్చి వాళ్ళమ్మ చేత చీవాట్లు తింది. నేనేమో ఇది కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చా అని అడిగాను. నా వైపు నుంచి ప్రోత్సాహం అంతే. ఆవిడ మాత్రం అమ్మాయికి ఒక మాట ఇచ్చింది, టూర్ ఆఖరి రోజున పెద్ద సరస్సు దాటేటప్పుడు స్టీరింగ్ నీదేనని. ఏడాదంతా పిల్లకి అదే ధ్యాస.

ఆ బళ్ళకి అడుగున మూడు చోట్ల రంధ్రాలుంటాయి. లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి రోడ్డు మీద ఉన్నంతసేపూ వాటిని తెరిచి ఉంచుతారు. సరస్సులోకి దిగేముందు బండి గట్టు మీద ఆపి, వాటికి ఇత్తడి ప్లగ్గులు బిగిస్తారు. ఎవరి ప్లగ్గు వాళ్ళదే. బండి కిందకి దూరి, బిగించి, బయటికి వచ్చి, ఆవిడ అడిగినప్పుడు నోటితో చెప్పాలి. ఆవిడ వంగి చూడదు. చెప్పిన మాట మీదే బండిని నీళ్ళలోకి దింపుతుంది. ప్లగ్గు మర్చిపోయినవాళ్ళు ఆ టూర్‌లో స్టీరింగ్ ముట్టుకోకూడదు, అది ఆవిడ పెట్టిన రూలు. మా బండిలో వెనక ప్లగ్గు మా అమ్మాయిది.

మూడో రోజు పొద్దున ఒక చిన్న సరస్సు దగ్గర ఆగాం. మర్నాటి కోసం గేర్లు చూపిస్తాను రమ్మని ఆవిడ అమ్మాయిని ముందుకి పిలిచింది. అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి ప్లగ్గు నా చేతిలో పెట్టింది.

"డాడీ, ప్లీజ్, బ్యాక్‌ది నువ్వు పెడతావా? టైట్‌గా తిప్పాలి. టూ మినిట్స్ అంతే."

"నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు" అన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. మా టీమ్ రోజూ పెట్టే స్టేటస్ కాల్. సెలవులో ఉన్నాను, ఎత్తకపోతే ఆకాశమేమీ విరిగి పడదు. అయినా ప్లగ్గు జేబులో వేసుకుని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఆ కాల్‌లో మాకందరికీ ఒక అలవాటు ఉంది, ఐటీలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నీ పని ఏమైందని అడగగానే ముందు "డన్" అనేస్తాం, పని సాయంత్రంలోగా తీరిగ్గా చేసుకుంటాం. బండి ముందు వైపు నుంచి ఆవిడ "వెనకది?" అని కేకేసింది. నా నోరు దానంతటదే "డన్" అంది. అన్నాక బిగిద్దామనే అనుకున్నాను. ఇంతలో చెవిలో మేనేజర్ ఏదో అడిగాడు. జవాబు చెబుతూ చెబుతూ నిచ్చెనెక్కి బండిలో కూర్చున్నాను.

సరస్సు మధ్యకి వెళ్ళేసరికి బండిలో కాళ్ళ కింద పరిచిన చెక్కల సందుల్లోంచి నీళ్ళు పైకి రావడం మొదలైంది. ఆవిడ పంపులన్నీ ఆన్ చేసి, బండిని తిప్పి, మెల్లగా గట్టెక్కించింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ దిగి బండి కిందకి వంగి చూసి లేచింది.

"వెనక ప్లగ్గు ఎవరిది?" అని అందరి ముందూ అడిగింది.

అమ్మాయి నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను. కాల్ ఎప్పుడో అయిపోయింది, అందులో చూడటానికి ఏమీ లేదు. ప్లగ్గు జేబులోంచి తొడకి ఒత్తుకుంటోంది. తప్పు నాది అంటే సరిపోయేది. అక్కడ పదిహేనుమంది ఉన్నారు, అందరూ నా గురించి ఏమనుకుంటారోనని ఫోన్ మీద వేలు జరుపుతూ నిలబడ్డాను.

"నాదే. మర్చిపోయాను, సారీ" అంది అమ్మాయి.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, సరేనని తలూపింది.

మర్నాడు పెద్ద సరస్సు ఆవిడే దాటించింది. అమ్మాయి నా పక్కన బెంచీ మీద కూర్చుని, దారంతా స్టీరింగ్ మీదున్న ఆవిడ చేతుల్నే చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఓదార్చే పనైనా దొరికేది నాకు.

టూర్ అయిపోయాక పార్కింగ్‌లో, అమ్మాయి బ్యాగులు కార్లో సర్దుతుంటే, నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

"తెలుసు. నిన్న గట్టు మీద నాకు వినిపించింది మీ గొంతే కదా" అంది. "మీరే చెబుతారని నిన్న రాత్రి దాకా చూశాను. తనని విడిగా రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తనే మర్చిపోయానంది. తను అలా అంటుంటే స్టీరింగ్ ఎలా ఇవ్వను?"

ఇంటికి రెండు గంటల దారి. సగం దూరం వచ్చాక నేనే అన్నాను, "ఆవిడకి నిజం చెప్పేశాను."

"ఓ. ఓకే."

"నీ మీదెందుకు వేసుకున్నావు తల్లీ?"

"నీది వీసా కదా డాడీ. నీకు ట్రబుల్ వస్తే ప్రాబ్లం. నేను సిటిజన్ కదా, నాకేం అవదు."

పక్కింటివాళ్ళు కంచె మా వైపుకి జరిపినా, స్కూల్లో ఎవడో అమ్మాయిని ఏడిపించినా, "మనకెందుకు గొడవ, వీసా మీదున్నాం" అని పదిహేడేళ్ళుగా మా ఇంట్లో అన్నవాణ్ణి నేనే. పిల్ల అది నమ్మి పెరిగింది. ఇత్తడి ప్లగ్గుకీ వీసాకీ ఏ సంబంధమూ లేదనీ, నేను నోరు మూసుకున్నది పరువు కోసమేననీ ఆ క్షణమే చెప్పి ఉండాల్సింది.

"థాంక్స్ రా" అన్నాను.