అడిగి లోపలికి వచ్చిన నర్సమ్మగారు

నిన్న పొద్దున్నే నర్సమ్మగారిని ఎక్కించుకుని రెడ్డిగూడెం బయలుదేరిన ఎడ్లబండి, మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చి మా మామిడికాయల కొట్టు ముందు ఆగింది. ఆవిడ బండిలో పడుకుని ఉన్నారు. ఎండదెబ్బేమో అనుకున్నాను. బండివాడు తలపాగా తీసి, "దారిలోనే పోయారండీ. గుండె పట్టుకున్నారు, అంతే" అన్నాడు. నాకింకా నమ్మకం కుదరటం లేదు. మచ్చకాయలు అంటగట్టానని మొన్ననే కదా ఆవిడ నన్ను నాలుగు తిట్టి వెళ్ళారు!

ఆవిడ పట్నంలో పిచ్చాసుపత్రి నర్సుగా చేసి, స్వరాజ్యం వచ్చిన ఏడాది మా నూజివీడు చేరారు. అప్పటికి మా పిల్లాడు పోయి ఆర్నెల్లు. నా భార్య మాట మానేసింది. తోటల వెంట పడి పోతోందని నేనే ఆమె గదికి బయట గొళ్ళెం పెట్టాను. దయ్యం పట్టిందన్నవాళ్ళకీ, వేపమండలు తెచ్చినవాళ్ళకీ తలుపు తీశాను. లోపలున్న మనిషిని వాళ్ళెవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు.

నర్సమ్మగారు గొళ్ళెం తీయించి, గడప ఇవతలే నిలబడ్డారు. "లోపలికి రావచ్చా అమ్మా?" అన్నారు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "సరే, రేపొస్తాను" అని వెళ్ళిపోయారు. అలా పది రోజులు. నాకు ఒళ్ళు మండింది.

"మతి లేనిదాన్ని అడిగేదేంటండీ? వెళ్ళి మందివ్వండి."

"గది ఆవిడది, దుఃఖం ఆవిడది. మధ్యలో మీ పెత్తనం ఏంటి?" అన్నారు.

పదకొండో రోజు లోపలినుంచి "రండి" అని వినిపించింది. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను.

లోపలికి వెళ్ళాక కూడా ఊరుకోమనలేదు, మరిచిపొమ్మనలేదు. బాబు పేరేమిటని అడిగారు. ఇంట్లో మేమెవరం ఎత్తని పేరు అది. ఆ తరవాత రోజూ వాడి కబుర్లే చెప్పించుకున్నారు. నాతో మాత్రం ఒక్కటే అన్నారు: "ఆవిడ దగ్గర ఏదీ దాచకండి. దాచారంటే తన మతి మీద తనకే అనుమానం వస్తుంది."

నిన్న ఆవిడ పోయారన్న మాటే ఇంటికి చెప్పకుండా మింగేశాను. నా భార్య మళ్ళీ మాట మానేస్తుందేమోనని భయం. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. "మొహం అలా ఉందేంటండీ?" అంది. చెప్పేశాను.

చేతిలో గుడ్డ జారిపోయింది. భయపడి లోపలున్న మా అమ్మని కేకేయబోయాను.

"ఎవర్నీ పిలవకండి. నాకు ఏడుపొస్తే ఏడుస్తాను," అంది. "బాబు పోయిననాడు కూడా మీరు ఏడవలేదు. ఇలా కూర్చోండి."

కూర్చున్నాను. ఎవరి కోసం ఏడ్చానో నాకే తెలియదు. ముక్కలు చాప మీద అలాగే ఉండిపోయాయి. సొన అంటిన ఆమె చెయ్యి నా వీపు మీద ఉంది.