కికునో ముక్కు

షినానో కొండల్లో మంచు కరగడం మొదలైతే కికునో కాలు ఇంట్లో నిలవదు. కాలువ గట్టున ఫుకి మొగ్గలు తల ఎత్తగానే ఏరుకొచ్చి, తరిగి, నూనెలో వేయించి, పులిసిన సోయా పిండి మిసోతో కలిపి ముద్ద చేస్తుంది. ఆ చేదు నాలుకకు తగిలితేగాని ఊళ్ళో ఎవరికీ చలికాలం పోయినట్టుండదు. కొత్త కోడళ్ళకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే.

"కళ్ళను నమ్మకండమ్మా. గిల్లి వాసన చూడండి. ఫుకి అయితే ముక్కు ఊరుకోదు."

ఎందుకంటే అదే వేళకు, చూడ్డానికి అలాగే ఇంకో మొగ్గ వస్తుంది. ఫుకుజుసో. అంటే అదృష్టం, దీర్ఘాయుష్షు. ఒంటినిండా విషమున్న మొక్కకు ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వాడి నోట మన్ను పడ. కికునో జబ్బుపడి లేచిన ఏడు, ఆమె నూరేళ్ళు బతకాలని భర్త తొకుజి కొత్త సంవత్సరానికి దాన్ని కుండీలో తెచ్చాడు. పెరట్లో నాటితే గింజలు రాలి కాలువ దాకా పాకింది.

ఈ ఏడు కికునోకు జ్వరం, జలుబు, ముక్కు దిబ్బడ. అయినా ఆగితేనా? కాపురానికి వచ్చిన నాటినుంచీ ఏరుతున్న చెయ్యి తప్పుతుందా అనుకుంది.

తొకుజి వేడన్నంలో ముద్ద కలుపుకున్నాడు.

"ఈసారి వాసన లేదేమే?"

"నా జలుబు నీకూ అంటిందేమోలే. తిను."

తను గంజి తాగి లేచింది. తొకుజి మళ్ళీ వడ్డించుకున్నాడు.

గిన్నెలు కడగబోతే జల్లెడలో ఒక మొగ్గ మిగిలి ఉంది. ఊరికే చిదిమింది. లోపల ఫుకుజుసో పసుపు రేకులు. జల్లెడ అక్కడే పడేసి పరిగెత్తింది. అవతల తొకుజి వాంతి చేసుకుంటున్నాడు.

పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి చేర్చారు.

"ఏం తిన్నారు?" అన్నాడు డాక్టరు.

"ఫుకు... ఫుకు..."

"ఫుకి మొగ్గలా?"

తలూపితే ఊళ్ళో పరువు దక్కేది. మనిషి దక్కేవాడు కాదు.

"కాదు బాబూ. ఫుకుజుసో. నా చేత్తో నేనే వండి పెట్టాను."

గుండె తడబడి తడబడి దారికొచ్చాక తొకుజి కళ్ళు తెరిచాడు.

"వాసన లేదని చెప్పాను కదే."

"చెప్పినవాడివి మళ్ళీ ఎందుకు వడ్డించుకున్నావయ్యా?"

"జ్వరంతో లేచి చేశావు. వదిలేస్తే చిన్నబుచ్చుకుంటావని."

పసుపు రేకులు చూసినప్పుడు కూడా కికునో అంతగా అదిరిపోలేదు. మంచం పట్టె పట్టుకుని అక్కడే కూలబడింది.