చర్చి నడుమ ఓక్ స్తంభం

కోవిడ్‌కి ముందు సంవత్సరం మార్చిలో, న్యూజెర్సీలోని మా టౌన్‌షిప్ పాత కట్టడాల పరిరక్షణ విభాగంలో సీనియర్ రివ్యూయర్‌గా ఉండగా ఈ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. రక్షిత కట్టడంలో ఏ మార్పు చేయాలన్నా ముందు దరఖాస్తు పెట్టాలి. నాలాంటి ఉద్యోగి పరిశీలించి సిఫారసు రాస్తే, ఏడుగురు సభ్యుల కమిషన్ బహిరంగ విచారణలో తేలుస్తుంది. చాలావరకు నా సిఫారసే నెగ్గేది. ఆ సంగతి తెలిసి నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఇల్లు డచ్ వలసదారుల కాలంనాటిది. యూరప్‌లో మధ్యయుగాల వడ్రంగులు కట్టిన పద్ధతే: బరువు మోసేది గోడలు కాదు, ఓక్ కలప చట్రం. దూలం చివర నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన తొర్రలోకి దించి, అడ్డంగా కర్రమేకు దిగ్గొడతారు. ఏది దేనిలోకి దూరాలో వడ్రంగి ఉలితో గీసుకున్న గుర్తులు ప్రతి అతుకు దగ్గరా ఇప్పటికీ కనిపిస్తాయి. చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! మామూలుగా మా చట్టం కట్టడం బయటి రూపాన్నే కాపాడుతుంది. ఈ ఇంటికి మాత్రం పాత యజమాని ఈజ్‌మెంట్ రాసిచ్చారు. అంటే, ఎవరు కొన్నా కమిషన్ ఒప్పుకోనిదే లోపలి చట్రాన్ని కదపకూడదని దస్తావేజులోనే షరతు.

కొనబోయేది ఒక తెలుగు చర్చి. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు, పదకొండేళ్ళుగా ఒక స్కూల్ కెఫెటేరియాలో ఆరాధన చేసుకుంటున్నారు. వాళ్ళ ప్లాన్‌లో హాలు నిండా ఒకే గుంపుగా కుర్చీలు, గోడల పక్కన నడిచే దారులు. హాలు మధ్యలో పెద్ద దూలం కింద ఒక స్తంభం ఉంది. దాని వెనక కూర్చున్నవారికి వేదిక కనపడదు కాబట్టి, స్తంభం తీసేసి స్టీల్ బీమ్ పెడతామన్నారు. నాకు ఒళ్ళు మండింది. తిరస్కరించాలని నాలుగు పేజీలు రాసిపారేశాను. అనుమతి రాకపోతే కొనుగోలు ఒప్పందం రద్దయి, వాళ్ళకి ఇల్లు దక్కదని ఫైల్లోనే ఉంది. అయినా సరే, రూల్ రూలే అనుకున్నాను.

విచారణకు ముందు స్థల పరిశీలన తప్పనిసరి. శనివారం ఉదయం వెళ్ళాను. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పాస్టర్ గారు, నాలుగైదు కుటుంబాలను వెంటబెట్టుకొచ్చారు.

"మేడమ్ గారూ, ఈ పిల్లర్ ఒక్కటి రిమూవ్ చేయనివ్వండి. పదకొండేళ్ళండీ, మాకంటూ ఒక చోటు లేదు," అన్నారు.

అది తీస్తే చట్రంలో మిగిలేదేముందని నేను విరుచుకుపడ్డాను.

మేమిద్దరం స్తంభం దగ్గర వాదించుకుంటుండగానే, వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. ఎనభై దాటిన సుగుణమ్మ గారు తెచ్చుకున్న దుప్పటి పరుచుకుని నేల మీద కూలబడ్డారు. ఆవిడ పక్కన ఆడవాళ్ళు చేరారు. మగవాళ్ళు అలవాటు కొద్దీ అవతలి పక్కకు పోయారు. నడుమ దారి, ఆ దారిలో స్తంభం, దాని పక్కన మేమిద్దరం.

"ఏంటయ్యగారూ ఆ గొడవ?" అన్నారు సుగుణమ్మ గారు. "మనూళ్ళో ఆడోళ్ళు ఇటు, మగోళ్ళు అటు కూకుంటాం గదా. ఇక్కడా అట్టాగే కూకుందాం. మజ్జలో దాని పాటికది నిలబడుద్ది."

నేను వాదన ఆపి వేదిక పెట్టబోయే చోటికి వెళ్ళి చూశాను. రెండు పక్కలా ప్రతి ముఖమూ కనిపిస్తోంది! పాస్టర్ గారు తల గోక్కుంటూ నవ్వేశారు. కెఫెటేరియాలో బల్లలు నేలకు బిగించి ఉంటాయట. ఇంకోలా కూర్చోవచ్చన్న సంగతే మరిచిపోయామన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ అమ్మాయి ఒకతె, "అంకుల్, ఫ్లోర్ సీటింగ్ సో కూల్! నా ఫ్రెండ్స్‌ని కూడా తీసుకొస్తాను," అంది.

సవరించిన దరఖాస్తు వెంటనే ఇమ్మన్నాను. స్టీల్ బీమ్ పోయింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి వెనక గోడ వారగా కుర్చీలు మిగిలాయి. జనం బరువుకి నేల కింద సెల్లార్‌లో, పాత చట్రానికి మేకు కొట్టకుండా, విడిగా ఊతాలు పెట్టాలని షరతు రాశాను. నా నాలుగు పేజీలూ వెనక్కి తీసుకుని, ఆమోదించవచ్చని ఒక్క పేజీ రాశాను.

విచారణలో ఏడుగురూ ఆమోదిస్తూ చేతులెత్తారు. సుగుణమ్మ గారు లేచి నిలబడి "హల్లెలూయా!" అని కేక పెట్టారు. సభలో కేకలు నిషిద్ధం. చైర్మన్ సుత్తి ఎత్తి, ఆవిడ ముఖం చూసి, మెల్లగా దించేశారు. నేను ఫైలు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వాను. సర్వీసు మొత్తంలో అంత సంతోషంగా ఇంటికి డ్రైవ్ చేసిన రోజు నాకు ఇంకొకటి గుర్తు లేదు.

ఈ ఫైలు నేర్పింది ఒకటే. ప్లాన్‌లో గీసింది కొలిచే ముందు, ఆ చోట మనుషులు ఎలా కూర్చుంటారో అడగాలి. నా నాలుగు పేజీల్లో ఆ ప్రశ్న లేదు. మా ఆఫీసు మొత్తంలో దాన్ని తెలుగులో అడగగలిగినదాన్ని నేనొక్కదాన్నే.