పట్టికలో మొదటి వరస

ఆ ఏడాది మా కాలేజీలో బీఏ ఆఖరి సంవత్సరం పిల్లలకి నేనిచ్చిన సర్వే ఫారం నాలుగు పేజీలది. వేసవి సెలవులన్నీ దానికే పెట్టాను. ప్రతి ప్రశ్నా నేనే రాశాను, నేనే దగ్గరుండి టైపు చేయించాను, జెరాక్సు షాపులో నిలబడి పేజీలు తారుమారు కాకుండా పిన్నులు కొట్టించాను. అమలాపురంలో డిగ్రీ పిల్లలకి పాతికేళ్లుగా సమాజశాస్త్రం చెబుతున్నదాన్ని కదా, నా ఫారానికి వంక పెట్టగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నా ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది. మునిగిన కొంప నాది కాకపోవడమే ఇప్పటికీ నా బాధ.

పని ఇదీ. ఒక్కొక్కరూ తమ వీధిలో పాతిక ఇళ్లు తిరగాలి. అందులో మొదటి ఇల్లు తమదే అయి ఉండాలి. సొంత ఇంటిని పరాయి ఇల్లులా చూడటం వస్తేనే ఈ శాస్త్రం వచ్చినట్టని నేను తెగ చెప్పేదాన్ని. ఇంకా చాలా చెప్పేదాన్ని. సమాజం మనిషి ఒంటిలాంటిది, ప్రతి అవయవానికీ ఒక పని ఉంటుందని కొందరు పండితులు అంటారు. అదేం కాదు, అది ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య పెనుగులాట అని ఇంకొందరు అంటారు. మూడోవాళ్లు మాత్రం, ముందు ఆ మనుషులు తమ పనికి తాము ఏ అర్థం చెప్పుకుంటున్నారో వినండి అంటారు. నాకు ఈ మూడోవాళ్లంటే ప్రీతి. "ఎదటివాళ్ల కళ్లతో చూడండర్రా" అని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. శ్రీరంగనీతులకేం, ఎన్నైనా చెప్పొచ్చు.

ఫారం రెండో పేజీలో ఇంటి సభ్యుల పట్టిక ఉండేది. పేరు, వయసు, ఇంటి యజమానితో సంబంధం, చదువు, పని. ఇక్కడే పిల్లలు పొరపాటు పడతారని ముందే ఊహించి, కుటుంబం వేరు, గృహం వేరు అని రెండు రోజులు చెప్పాను. కుటుంబం పెళ్లితోనూ రక్తంతోనూ ఏర్పడేది. గృహం అంటే ఆరు నెలలుగా ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. ఈ ముక్క క్లాసు మొత్తం చేత ఎక్కాల్లాగా అప్పజెప్పించాను. మనకి లెక్క కావలసింది గృహం, అంతే.

రాజోలు వైపు నుంచి బస్సులో వచ్చే ఓ అమ్మాయి ఉండేది. మధ్య బెంచీలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు, అక్షరాలు మాత్రం ముత్యాలు. తన ఇంటి పట్టికలో ఆ పిల్ల మొదటి వరసలో వాళ్ల అమ్మ పేరు రాసింది. యజమానితో సంబంధం అన్నచోట 'తనే' అని రాసింది. పని అన్నచోట 'ఇంటిపని, కువైట్' అని రాసింది. ఆ తర్వాతే ఆటో నడిపే నాన్న, నాయనమ్మ, తను, తమ్ముడు.

తప్పులు పైకి చదవడం నా అలవాటు. ఒకరి తప్పు నలుగురికి పాఠం అని దానికో సమర్థన కూడా ఉండేది. ఆ రోజు ఆ పిల్లని లేపి నిలబెట్టాను.

"మీ అమ్మగారు ఎక్కడుంటారు?"

"కువైట్లో అండి. ఇంట్లో పనికండి. నా ఆరో తరగతప్పుడు వెళ్లిందండి."

"మరి ఆరు నెలలుగా మీ కప్పు కింద ఉన్నట్టా?"

"లేదండి."

"మీ పొయ్యి మీద వండింది తింటున్నట్టా?"

"తినదండి. కానీ రోజూ అమ్మే వండుద్దండి. ఫోన్లో అండి."

క్లాసు గొల్లుమంది. నాకు నోటిదురుసు ఎక్కువ, నలుగురు నవ్వితే అది ఇంకా పెరుగుతుంది. "ఫోన్లో వండిన కూర ఫోన్లోనే తినాలమ్మా, కంచంలోకి రాదు" అన్నాను. మళ్లీ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వినట్టే మొహం పెట్టి "ఆయ్" అని కూర్చుంది. నేను ఎర్రసిరాతో మొదటి వరస అడ్డంగా కొట్టేసి, కింద 'నిర్వచనం చూసుకో' అని రాసిచ్చాను.

ఫోన్లో ఎలా వండుతుందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నాలుగు పేజీల ప్రశ్నలు రాసినదాన్ని, ఈ ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు.

మర్నాడే ఫారం సరిచేసి తెచ్చింది. మొదటి వరసలో నాన్న, మొత్తం సభ్యులు నలుగురు. గల్ఫుకి మనిషిని పంపిన ఇల్లు లేని వీధి మా కోనసీమలో ఉండదు కాబట్టి మిగతావాళ్లు కూడా ఇదే పద్ధతిలో సరిచేశారు. పట్టికలన్నీ చక్కగా కలిశాయి. ఎవరు లెక్కపెట్టినా ఒకే లెక్క రావాలి అన్నది సర్వేకి ఒక పరీక్ష, అసలు కొలవాల్సినదాన్నే కొలిచామా అన్నది రెండో పరీక్ష. మొదటి పరీక్షలో మేం భేషుగ్గా నెగ్గాం. పాడైపోయిన కాటా కూడా రోజూ ఒకే బరువు చూపిస్తుందని నాకు అప్పుడు తట్టలేదు.

ఓ మధ్యాహ్నం వరండాలో వెళుతుంటే ఆడపిల్లలు క్యారేజీలు విప్పుకుంటూ కనిపించారు. "ఇవాళ ఫోన్లో ఏం వండేరే?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఆ పిల్ల క్యారేజీ మూత తీయకుండా ఊరికే తిప్పుతోంది. నా జోకు ఇంకా బతికే ఉందని నాకు లోపల సంతోషం వేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

వానలు తగ్గాక ఒక రోజు స్టాఫ్ రూముకి ఒకావిడ వచ్చింది. చేతిలో ఖర్జూరాల ప్యాకెట్టున్న కవరు. ఫలానా అమ్మాయి వాళ్లమ్మనని, సెలవు మీద నెల రోజులకి వచ్చానని చెప్పుకుంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"మేడమ్ గారండీ, మా పిల్ల ఇంట్లో మీ మాటే చెప్పుద్దండి. మీరంటే దానికి గురి ఎక్కువండి. మీరు ఓ మాట చెప్పాలండి దానికి."

దేని గురించని అడిగాను.

"అక్కడ నాకు సాయంత్రం నాలుగున్నరకి ఓ అరగంట దొరుకుద్దండి. మజ్జాన్నం గిన్నెలన్నీ అయ్యేక, వాళ్ల టీలకి ముందండి. ఇక్కడ అప్పటికి ఏడవుద్దండి. పిల్ల ఫోన్ తెచ్చి పోపులపెట్టెకి ఆనించి పెట్టేదండి. దాని మొహం కనపడేది కాదండి, మూకుడే కనపడేది. అది చాలండి నాకు. నూనె కాగిందో లేదో అక్కణ్ణించే చెప్పేసేదాన్నండి. కంద బచ్చలిలో ఆవ పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుద్ది కదండీ, దింపేక కలపవే అని అరిచేదాన్నండి. నే వెళ్లేటప్పటికి దానికి పదకొండేళ్లండి, మా అత్తగారికి చూపు ఆనదు, ఎవరు నేర్పుతారండి? తొమ్మిదేళ్లండి, ఒక్క పూట తప్పలేదండి."

ఆవిడ కవరు ఒళ్లోకి సర్దుకుని మళ్లీ మొదలెట్టింది.

"ఇప్పుడు నాలుగైదు నెలలై వంటప్పుడు ఎత్తట్లేదండి. అంతా అయ్యేక చేసుద్దండి. కాలేజీ సంగతులూ అవీ బానే చెప్పుద్దండి. వంటప్పుడు మాత్రం ఎత్తదండి. 'నాకొచ్చులేమ్మా' అంటదండి. వచ్చండి, రాకేం. కానీ నాకక్కడ ఉన్నది ఆ అరగంటేనండి. ఎందుకు మానేసిందో ఎంతడిగినా చెప్పట్లేదండి. మీరడిగితే చెప్పుద్దండి."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎందుకు మానేసిందో ఈ లోకంలో ఆ పిల్లకి తెలుసు, నాకు తెలుసు. "అలాగేనమ్మా, చెబుతాను" అన్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించి, ఖర్జూరాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు బస్సులో ఇంటికి వెళుతూ నా నిర్వచనం నేనే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఒకే కప్పు, ఒకే పొయ్యి. ఏ పూట ఏం వండాలో, ఎప్పుడు దింపాలో, ఉప్పు ఎంతో చెప్పిన మనిషి ఆవిడే. ఆ పొయ్యికి పెద్ద ఆవిడే. కాకపోతే వండింది తినే భాగ్యం లేదు. కూతురు పుస్తకం పక్కనపెట్టి, కళ్లతో చూసినదాన్ని రాసింది. నేను నేర్పానని చెప్పుకునే విద్య అదే. నిజంగా నేర్చుకున్నది క్లాసు మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే, కొట్టేసింది నేను.

మర్నాడు ఆ పిల్లని పిలిచాను. క్షమించమ్మా అనడానికే పిలిచాను. ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడగానే పాతికేళ్ల మేడమ్‌గిరీ అడ్డం వచ్చింది. "వంటప్పుడు మీ అమ్మ ఫోన్ చేస్తే ఎత్తడం లేదట, ఎందుకని?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"అమ్మకి అక్కడ పనుంటదండి. ఊరికే ఇబ్బంది పెట్టడం ఎందుకనండి."

"ఎత్తుతూ ఉండు. ఆవిడ బాధపడుతోంది."

"ఆయ్. అలాగేనండి."

మా వైపు మర్యాద గోడలాంటిది. దానికి అవతల ఏముందో కనపడదు. నేను ఇంకో ప్రశ్న వేయలేదు, వేస్తే ఆ పిల్ల నిజం చెబుతుందేమోనని భయం. "చదువు బాగా చూసుకో" అని పంపించేశాను.

ఆవిడ తిరిగి వెళ్లే ముందు ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. ఈసారి తల్లీకూతుళ్లు ఇద్దరి ముందూ చెప్పేద్దామని గట్టిగా అనుకుని రాజోలు బస్సెక్కాను. కాలువ గట్టు పక్కన రెండు గదుల డాబా, వెనక రేకుల వంటిల్లు. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. చిల్లుల గరిటె ఎక్కడే, ఆవ ఎందులో పోశావే అని ప్రతిదానికీ కూతుర్నే అడుగుతోంది. కూతురు అడిగిందల్లా అందిస్తోంది, చుట్టాలావిడ వంటింట్లోకి వస్తే అందించినట్టు.

కంద బచ్చలి వడ్డించారు. నాయనమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది పిల్ల చేసింది కాదే" అంది. తమ్ముడు ఉప్పు చాల్లేదన్నాడు. ఆవిడ నవ్వేసింది.

"కువైట్లో వాళ్లింట్లో ఉప్పూ కారం అంతంతేనండి, చెయ్యి అలా అలవాటైపోయిందండి. ఫోన్లో చెప్పినప్పుడైతే సరిగ్గానే చెప్పేదాన్నండి."

ఆ మాటకి కూతురు తలొంచుకుని నీళ్లు పోసింది. చెప్పాల్సిన సమయం అదే. నేను గొంతు సర్దుకున్నాను కూడా. ఇంతలో ఆవిడే నా వైపు తిరిగింది. "మీరు చెప్పేరంటగదండీ. ఇకనించి వంటప్పుడు ఎత్తుతానందండి. మీ మేలు మర్చిపోనండి."

పిల్ల నా మొహంలోకి ఒక్కసారి చూసి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఇప్పుడు చెబితే నా మనసు తేలికవుతుంది గానీ ఆవిడ మనసు విరిగిపోతుందని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆవిడ దృష్టిలో నా గౌరవం పోతుందని భయపడ్డాను, అంతే. కూర బాగుందని చెప్పి, రెండోసారి వేయించుకుని తిని, బస్సెక్కాను. ఆ వారంలోనే ఆవిడ వెళ్లిపోయింది.

పిల్ల ఫోన్ ఎత్తుతోందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట క్లాసు దాటి, సముద్రం దాటి, ఎవరింట్లోనో గిన్నెలు తోమే మనిషి అరగంటలోకి వెళ్లి కూర్చుంది. దాన్ని వెనక్కి పిలవగలిగినదాన్ని నేనొక్కదాన్నే, పిలవలేదు.

తర్వాత కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలు వచ్చాయి. ఆ ప్రశ్నపత్రం ప్రతి ఏడూ నేనే ఇస్తాను, నేనే దిద్దుతాను. కుటుంబానికీ గృహానికీ తేడా ఉదాహరణతో రాయండి అన్న ప్రశ్న అందులో తప్పకుండా ఉంటుంది. ఆ ఏడు తీసేద్దామనుకున్నాను. ఉంచేయడానికి కారణం ఒక ఆశ. నాతో ఎదురుపడి అనలేనిది కాగితం మీద అంటుందేమో, మేడమ్, మీ నిర్వచనం తప్పు అని రాస్తుందేమో అనుకున్నాను. అలా రాస్తే ఆ కాగితం పట్టుకుని క్లాసులో అందరి ముందూ ఒప్పుకోవాలని కూడా అనుకున్నాను.

కట్టలో ఆ పిల్ల పేపరు కోసం ముందు వెతికాను. అవే ముత్యాల అక్షరాలు. నా నిర్వచనం పొల్లు పోకుండా దించింది. దాని కింద ఉదాహరణ రాసింది: 'విదేశంలో ఇంటిపని చేసే తల్లి కుటుంబ సభ్యురాలు. గృహ సభ్యురాలు కాదు.'

జవాబులో తప్పేమీ లేదు. అయిదుకి అయిదు వేశాను.