అడ్వాన్సు అనుకున్న అప్పు

అప్పు గురించి మా నాయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదని అనుకునేదాన్ని. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు అది పాలతో పాటే అలవాటవుతుంది. చీరలు నేయించుకునే షావుకారు మాకు ముందుగా కొంత డబ్బిస్తాడు. దాన్ని అడ్వాన్సు అంటాం. దానికి వడ్డీ లేదు, గడువు లేదు. ఆయనకు నేస్తున్నన్నాళ్లూ తిరిగి అడగడు. ఇంకో షావుకారు దగ్గరికి మారితే ఆ కొత్తాయనే పాతాయన బాకీ తీర్చి మనల్ని తెచ్చుకుంటాడు. మా తాత తీసుకున్న అడ్వాన్సు ఇట్లా ముగ్గురు షావుకార్లు మారి నాయన దాకా వచ్చింది. ఇప్పటికీ అది ఉంది.

ఇంటర్ అయ్యాక నా మనసు కమ్యూనికేషన్ డిగ్రీ మీద పడింది. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీ. టీవీ, ప్రకటనలు, సినిమా అన్నీ నేర్పుతామని వాళ్ల పుస్తకం నిండా రంగుల ఫోటోలు. మూడేళ్లకు ఫీజు, హాస్టలు కలిపి తొమ్మిది లక్షలు. ఇంట్లో పెద్ద యుద్ధమే అవుతుందని సిద్ధపడి ఉంటే నాయన ఒక్క రోజులో ఒప్పుకున్నాడు.

"బ్యాంకువాళ్లు లోనిస్తారంట కదా పాపా, ఇంగేమి?" అన్నాడు.

వీధంతా చెప్పుకున్నాడు కూడా. ఆ మనిషికి అంత ధీమా ఎక్కడిదని నేను రెండు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని నా భయం. నిజం చెప్పాలంటే నా స్వార్థం.

సంతకాలకు హిందూపురం రమ్మన్నారు. కాలేజీవాళ్లు అక్కడొక కల్యాణ మండపంలో బ్యాంకు మనుషులను కూర్చోబెట్టారట. పోతూ పోతూ దారిలో పెనుకొండలో దిగాం. మా పెద్దమ్మ కూతురు అదే కాలేజీలో అదే చదువు చదివి, బెంగళూరులో ఒక ప్రకటనల కంపెనీలో చేస్తోంది. ఆ వారం సెలవు మీద ఇంటికి వచ్చింది. ఆమె నోటి నుంచి ఒక మంచి మాట విని ముందుకు పోదామని నాయన ఆశ.

అక్క కాఫీలిచ్చి మా ఎదురుగా కూర్చుంది. జీతమెంతని నేనే అడిగాను. కాలేజీ పుస్తకంలో వేసిన అంకె నాకు కంఠతా వచ్చు. అందులో సగం చెప్పినా చాలనుకున్నాను.

"పద్దెనిమిది వేలు," అంది.

"మొదట్లోనా?"

"ఇప్పుడే. చేరి రెండేళ్లాయ."

హాస్టలుకు తొమ్మిది వేలు పోతాయంది. లోను కంతు నెలకు పదిహేను వేలు, ఇంకా ఎనిమిదేళ్లు. మనసులోనే లెక్క కూడాను. తప్పు చేశాననుకుని మళ్లీ కూడాను. ఆమె సంపాదన కంటే ఆ రెండు ఖర్చులే ఆరు వేలు ఎక్కువ తేలాయి.

"తక్కువ పడేది ఎవురు కడతాండారక్కా?"

"నాయన," అంది, నా వైపు చూడకుండా. పెద్దనాయన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తాడు. ఆ పూట కూడా డ్యూటీలోనే ఉన్నాడు.

నేను కాఫీ పక్కకు జరిపేశాను. నాయన మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి, పిల్లలకు తెలియనిది చెప్పేవాడిలాగా అడిగాడు.

"అదేందమ్మా, మీ కంపెనీవాళ్లు నీ బ్యాంకు బాకీ తీర్చలేదా?"

అక్క నవ్వింది. "వాళ్లేంటికి తీరుస్తారు చిన్నాయనా?"

"నిన్ను పనిలోకి తెచ్చుకున్న్యారు కదా. తెచ్చుకునేటోళ్లే కదా పాత బాకీ కట్టల్ల?"

ఆయన ముఖం చూసి అక్క నవ్వు ఆపేసింది. నాకు అప్పుడర్థమైంది. రెండు నెలలుగా ఆయన ధీమా ఇదా! బ్యాంకును పాత షావుకారనీ, నాకు ఉద్యోగమిచ్చే కంపెనీని కొత్త షావుకారనీ అనుకుంటూ, మగ్గం గుంతలో కూర్చుని ఇంత హాయిగా ఉన్నాడా! నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఆయన మీదో నా మీదో తెలియలేదు.

అక్క మెల్లగా విడమరిచి చెప్పింది. డబ్బు చేతికిచ్చిన నాటి నుంచే వడ్డీ నడుస్తుంది. అప్పు నా పేరు మీద ఉంటుంది, పక్కన నాయన పేరు ఉంటుంది.

"కంపెనీ మారితే?"

"మారినా మనమే కట్టల్ల చిన్నాయనా."

"ఉద్యోగమే లేకపోతే?"

"అప్పుడూ మనమే."

నాయన తలూపి లేచాడు. ఇక ధర్మవరం బస్సెక్కుతామనుకున్నాను. ఆయన హిందూపురానికే రెండు టికెట్లు తీశాడు. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వద్దని బ్యాంకువాళ్ల ముఖాన చెప్పేసి రావాలనుకున్నాడేమోలే అని సర్దుకున్నాను.

కల్యాణ మండపంలో బ్యాంకు ఆఫీసరు ఫారాలు మా ముందుకు జరిపాడు. నాయన పెన్ను తీసుకుని, ఆఫీసరు వేలు పెట్టి చూపించిన మూడు చోట్లా సంతకం చేసేశాడు.

"నాయనా, అక్క చెప్పింది ఇన్లేదా?"

"ఇన్న్యా. నువ్వు పెట్టు."

పెన్ను చేతికి వచ్చింది. బెంగళూరు కావాలని యుద్ధానికి సిద్ధపడిన పిల్లను నేనే. ఆ చదువు మీద ఆశ అప్పటికీ చావలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ కాగితం మీద ఆయన పేరు చూశాక నా పేరు రాయలేకపోయాను. "నాకు వద్దు సార్," అన్నాను. పిల్ల సంతకం లేకపోతే లోను లేదని ఆఫీసరు ఫారం పక్కన పడేశాడు. ఎన్నడూ నన్ను గట్టిగా అనని నాయన, అందరి ముందూ లేచి అరిచాడు.

"అప్పు దుడ్లు చూసి బెదురుతావా? ఈడిదాకా వచ్చి ఏంది ఈ ఆటలు?"

ధర్మవరంలోనే ప్రభుత్వ కాలేజీలో బీఏలో చేరాను. నాయన నాతో సరిగ్గా మాట్లాడటానికి దసరా దాటింది. ఒక మధ్యాహ్నం ఆయన నేస్తుంటే పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ నన్ను తొలిచేస్తున్నది అడిగేశాను.

"ఎవురూ కట్టరని తెలిసి కూడా ఏంటికి పెట్టినావు నాయనా సంతకం?"

ఆయన నా వైపు వింతగా చూశాడు.

"వాళ్లు కట్టేదైతే నా సంతకమేంటికి పాపా? ఎవురూ కట్టరని తెలిసినాంకే కదా, నేను కడతానని పెట్టింది."