ఉమాపతి ముక్కు

ఉమాపతికి నీళ్ళిస్తే ఊరికే తాగడు. ముందు వాసన చూస్తాడు, ఒక గుక్క పుక్కిలిస్తాడు, ఆ తరవాత అవి ఎవరి చేను పక్కనుంచి వచ్చాయో నలుగురిలో చెప్పేస్తాడు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి దాకా ఆయన ముక్కుకు జడవని రైతు లేడు.

మల్లప్ప ఇంటి పెళ్ళిలో వియ్యంకుడి పక్కనే కూర్చుని గ్లాసెత్తాడు.

"ఏం మల్లప్పా, ఆవుల కొట్టం కడిగిన నీళ్ళు వంకలోకి ఇడుస్తాండావా?"

వియ్యంకుడి గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. ఆ పూట పెళ్ళివారంతా మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు. వడ్డిస్తున్న ప్రమీలమ్మ నవ్వాపుకోలేక పందిరి వెనక్కి పరిగెత్తింది.

2004 వానాకాలంలో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వారంగా పిల్లలకు కడుపునొప్పులు. తప్పు వంటదేనని ఊరు తేల్చేసింది. శనివారం ఆఫీసరొచ్చి ఆమెను పనిలోంచి తీసేస్తాడని కబురొచ్చింది.

ఉమాపతి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నీ సాంబారులో తప్పుండదమ్మా. నీళ్ళు యాడివి?"

"వంక గట్టు బావివే అన్నా."

అంతే, సంచీనిండా ఖాళీ సీసాలతో వంక వెంబడి ఎగువకు నడిచాడు. ప్రతి చేను దగ్గరా ఒక సీసా నింపి, దానిమీద ఆ రైతు పేరుతో చీటీ అంటించాడు. పరీక్ష రాసిన పిల్లల్లాగా రైతులంతా ఆయన వెంటపడ్డారు.

"నా సీసా ఎట్లుండాదప్పా?"

"శనివారం సూడు!"

శుక్రవారం ఉమాపతి అరుగుమీది ఆ సీసాలను ప్రమీలమ్మ తొంగిచూసింది. అన్నిటికంటే ఎర్రగా, కంపుగా ఉన్న సీసామీద 'నారాయణప్ప' అని ఉంది. ఆమె మొగుడే. టమాటాకు ధర పడిపోయిందని కుళ్ళిన బాక్సులన్నీ వంక గట్టునే పారబోశాడు. పురుగుమందు కొట్టే ట్యాంకు కూడా వంకలోనే కడిగాడు. ఇప్పుడు పనీ పోతుంది, పరువూ పోతుంది.

శనివారం బడి ముందు ఊరంతా చేరింది. ఉమాపతి ఆ సీసా ఎత్తి చూపించాడు. "బావి చెడింది దీనితోనే సార్. వంటమ్మ తప్పేమీ లేదు."

ఆఫీసరు దానిమీద కొత్తగా అంటించిన చీటీ చదివాడు. "ఉమాపతి."

"నేనే సార్. నా చేనులోని కుళ్ళు టమాటాలే."

వెనకనుంచి రైతు జయచంద్ర అరిచాడు. "యోవ్, పుట్టినప్పట్నించి రాగులు తప్ప ఏం పెట్టినావప్పా నువ్వు? నీ రాగిచేనులో టమాటాలు కాసినాయా?"

బడంతా నవ్వులే. ప్రమీలమ్మ కళ్ళు మాత్రం తడిశాయి. ఊరందరి గుట్టూ బయటపెట్టే మనిషి తన ఇంటి గుట్టును నెత్తిన వేసుకున్నాడు. నారాయణప్ప లేచి నిలబడ్డాడు.

"ఆ చీటీ మార్చండి సార్. తప్పు నాది."

ప్రమీలమ్మ పని నిలబడింది. బావి తోడించారు. నారాయణప్ప కుళ్ళు కాయలకు చేను మధ్యలో గుంత తవ్వాడు. ట్యాంకు వంకవైపు తీసుకెళ్ళడం మానేశాడు. చేను మురికి వంకలోకి జారకుండా గట్టు పొడుగునా నాలుగు బారల వెడల్పు దున్నకుండా గడ్డికి వదిలేశాడు.

మరుసటి ఏడు వానలకు తన చేను పక్కన పారే నీళ్ళు చెంబుతో ముంచుకొచ్చి, ఉమాపతి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉమాపతి వాసన చూశాడు. పుక్కిలించాడు. బుర్ర గోక్కున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఎవురి చేను నీళ్ళో తెలీలేదప్పా!"

ఓడిపోయి అంత సంబరపడిన మనిషిని ప్రమీలమ్మ మళ్ళీ చూడలేదు. చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసి, ఇంకో చెంబు తెమ్మన్నాడు.